ఆ రెండు కాగితాలూ ఒకటేనా?

అద్దె ఒప్పందం ముసాయిదా మెయిల్లో వచ్చింది. చదివారు. రెండు చోట్ల మార్పులు అడిగారు. ఇంటివాళ్లు సరేనన్నారు. రెండు రోజులు తిరక్కుండానే 'ఫైనల్' అనే పేరుతో ఇంకో ఫైలు వచ్చింది. ఎనిమిది పేజీలు. మీరడిగిన రెండు మార్పులూ అందులో ఉన్నాయి. బావుంది! మరి, మీరు అడగని మార్పులేమైనా ఉన్నాయా?

ఉండొచ్చు. ఖాళీ చేయాలంటే రెండు నెలల ముందు చెప్పాలన్నది 'మూడు నెలలు' అయి ఉండొచ్చు. రంగులు వేయించే ఖర్చు అడ్వాన్సులోంచి పట్టుకుంటామన్న వాక్యం కొత్తగా వచ్చి కూర్చుని ఉండొచ్చు. ప్రతిసారీ మోసమే అనుకోనక్కర్లేదు. రాసిపెట్టేవారి కంప్యూటర్లో ఎవరిదో పాత ఒప్పందం ఒకటి ఉంటుంది. పేర్లూ అంకెలూ మార్చి దాన్నే వాడేస్తారు. అలా వేరేవాళ్ల షరతు మీ కాగితంలోకి నడిచొచ్చేస్తుంది. పొరపాటున వచ్చినా, కావాలని పెట్టినా సంతకం పడ్డాక దాని బలం ఒక్కటే.

అదే ఇల్లో స్థలమో కొనేటప్పుడైతే లెక్క ఇంకా పెద్దది. 276 గజాలు 267 అయిందనుకోండి. చెక్కుబందీలో తూర్పు, పడమర తారుమారయ్యాయనుకోండి. రిజిస్ట్రేషన్ అయిపోయాక చూసుకుంటే మళ్లీ సవరణ దస్తావేజు రాయించుకోవాలి. అమ్మినవాళ్లు మళ్లీ వచ్చి సంతకం పెట్టాలి. డబ్బు చేతికందాక వాళ్లు ఎంత తీరిగ్గా వస్తారో చెప్పనక్కర్లేదు!

'రెండుసార్లు చదివితే పట్టేయొచ్చుగా' అనిపిస్తుంది. కానీ చదివిందాన్నే మళ్లీ చదివేటప్పుడు కన్ను అక్షరాలు చూడదు. మొదటిసారి చదివింది గుర్తుంటుంది కాబట్టి, అక్కడ ఏముండాలో అదే ఉందనుకుని ముందుకు వెళ్లిపోతుంది. 267, 276 దానికి ఒక్కటే. విసుగూ అలుపూ లేకుండా ఒక్కో అక్షరాన్నీ పక్కపక్కన పెట్టి చూసే పని కంప్యూటర్‌ది. ఆ పనిచేసే సాఫ్ట్‌వేర్లు బోలెడున్నాయి. మంచివి చాలామటుకు పైసా ఖర్చు లేనివే. ఏ పనికి ఏది పట్టుకోవాలన్నదే ప్రశ్న.

వాళ్లు చూపించేది, మీరు చూసేది

వర్డ్‌లో పనిచేసే చాలామందికి 'ట్రాక్ ఛేంజెస్' తెలుసు. అది ఆన్ చేసి దిద్దితే కొట్టేసిన మాటలు ఎర్ర గీతతో, చేర్చినవి రంగుతో కనిపిస్తాయి. మంచి సౌకర్యమే. కానీ ఒక్క సంగతి మరిచిపోకూడదు. దాన్ని ఆన్ చేసేదీ, ఆపేదీ దిద్దే మనిషే. నాలుగు మార్పులు ఆన్ చేసి, అయిదోది ఆపేసి చేస్తే మీకు కనిపించేవి నాలుగే! అవతలివారు ఏం మార్చామని చెబుతున్నారో అది చూపిస్తుందంతే.

పోల్చి చూడటం అలా కాదు. మీ దగ్గరున్న పాత ఫైలు ఒకవైపు, వాళ్లు పంపిన కొత్తది ఒకవైపు. ఎవరు ఏం చెప్పారన్న దానితో పనిలేదు. ఉన్నవాటి మధ్య తేడా ఏమిటో మీరే చూస్తారు. అందుకే పోలిక చేయాలంటే మొదట కావాల్సింది సాఫ్ట్‌వేర్ కాదు, పాత ఫైలు. మొదటి ముసాయిదా వచ్చిన రోజే దానికి తేదీతో పేరు పెట్టి ఓ చోట దాచేయండి. దానిమీదే దిద్దుకుంటూ పోతే పోల్చడానికి ఏమీ మిగలదు.

పప్పు పోయింది, సబ్బు వచ్చింది

ఈ పనిచేసే ప్రోగ్రాముల మూలపురుషుడి పేరు 'డిఫ్'. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెకిల్‌రాయ్ రాశారు. 1974లో యూనిక్స్ అయిదో కూర్పుతో పాటు బయటికొచ్చింది. దాని వెనకున్న పద్ధతిని జేమ్స్ హంట్‌తో కలిసి ఆయన 1976లో ఓ పత్రంగా వివరించారు. యాభై ఏళ్లు దాటినా ఇవాళ్టి సాఫ్ట్‌వేర్లన్నీ ఆ దారినే నడుస్తున్నాయి.

ఆ దారేమిటో అర్థం కావాలంటే రెండు సరుకుల చీటీలు చాలు. పోయిన నెల చీటీలో బియ్యం, కందిపప్పు, చింతపండు, బెల్లం, నూనె ఉన్నాయి. ఈ నెల చీటీలో బియ్యం, చింతపండు, బెల్లం, నూనె, సబ్బు. తెలివిలేని యంత్రమైతే మొదటి వరసతో మొదటిది, రెండో వరసతో రెండోది పోలుస్తుంది. 'బియ్యం తప్ప అన్నీ మారిపోయాయి' అంటుంది. ఇంట్లో అమ్మనడిగితే ఏమంటుంది? 'కందిపప్పు తీసేశాం, సబ్బు చేర్చాం. అంతే' అంటుంది. డిఫ్ చేసేది అమ్మ లెక్కే. రెండు చీటీల్లోనూ అదే వరసలో వచ్చేవాటిలో అన్నింటికంటే పొడవైన జాబితా ఏదో ముందు వెతుకుతుంది. ఇక్కడ బియ్యం, చింతపండు, బెల్లం, నూనె. అవి పోగా పాతదాంట్లో మిగిలింది పోయినట్టు. కొత్తదాంట్లో మిగిలింది వచ్చినట్టు.

అయిదు వరసలకి సరే. లక్ష వరసలుంటే? వాటిమధ్య ఈ జాబితాని తొందరగా వెతకడమెలాగన్న దానిమీద గణిత పండితులు చాలానే కుస్తీ పట్టారు. యూజీన్ మైయర్స్ 1986లో చెప్పిన పద్ధతి ఇప్పటికీ చాలా ప్రోగ్రాముల్లో వాడుకలో ఉంది.

ఇది మీరెప్పుడూ చూడలేదనుకుంటే తెలుగు వికీపీడియాలో ఏ వ్యాసమైనా తెరిచి పైనున్న 'చరిత్ర' నొక్కండి. 2003లో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వంలో ఎవరు ఎప్పుడు ఏ మాట మార్చారో అన్నీ నిల్వ ఉంటాయి. ఏవైనా రెండు కూర్పులు ఎంచుకుంటే పక్కపక్కనే పెట్టి, మారిన మాటలకి రంగు వేసి చూపిస్తుంది. సాఫ్ట్‌వేర్ దించుకునే పనిలేకుండా పోలిక ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే అంతకంటే తేలిక మార్గం లేదు.

పాఠాంతరాలు మనకి కొత్తా?

నిజానికి ఈ పనికి తెలుగులో మంచి మాటే ఉంది... పాఠాంతరం. తాటాకుల మీద చేత్తో ఎత్తి రాసుకున్న కాలంలో ఏ రెండు ప్రతులూ ఒకేలా ఉండేవి కావు. ఒకరు ఓ పాదం వదిలేస్తారు. ఇంకొకరు తెలియని మాట తీసేసి తెలిసింది పెడతారు. సీపీ బ్రౌన్ వేమన పద్యాలు సేకరించినప్పుడు ఎదురైన పెద్ద తలనొప్పి ఇదే. ఒకే పద్యం రకరకాలుగా దొరికేది. ఊరూరి నుంచి ప్రతులు తెప్పించి, కడపలో తన బంగళాలోనే పండితుల్ని జీతాలిచ్చి కూర్చోబెట్టి, ఒకదాంతో ఒకటి పోల్చి చూయించేవారు. అలా పరిష్కరించిన వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి. పుణేలోని భండార్కర్ సంస్థ వాళ్లయితే మహాభారతం కోసం 1919లో ఈ పనికి కూర్చుని, 1,259 రాతప్రతులు పోల్చి, 1966కి గానీ లేవలేదు.

వాళ్లకీ మనకీ ఓ తేడా ఉంది. ఏ పాఠం సరైందో నిర్ణయించడం వాళ్ల పని. సాఫ్ట్‌వేర్ ఆ జోలికి పోదు. 'ఇక్కడ తేడా ఉంది' అని వేలు పెట్టి చూపించి ఊరుకుంటుంది. అది మంచి మార్పో చెడ్డ మార్పో చూసుకోవాల్సింది మనమే.

ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

ఇంగ్లిషులో 'ఫ్రీ సాఫ్ట్‌వేర్' అంటే రెండర్థాలు. ఊరికే వచ్చేదని ఒకటి, స్వేచ్ఛగా వాడుకోగలిగిందని రెండోది. ఈ తికమక తీర్చడానికి రిచర్డ్ స్టాల్‌మన్ 1980ల నుంచీ ఉపన్యాసాలిస్తూనే ఉన్నారు. తెలుగువాళ్లకి ఆ బాధ లేదు. మనకి ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాద్‌లో ఈ ఉద్యమం నడిపే సంస్థ పెట్టుకున్న పేరే 'స్వేచ్ఛ'.

మన పనికి ఆ తేడాతో ఏం పని? ఉంది. ఊరికే ఇచ్చేవాటిలో కొన్ని ముప్ఫై రోజుల ముచ్చట. తర్వాత డబ్బు కట్టమంటాయి. బియాండ్ కంపేర్ అలాంటిదే. చాలా మంచి సాఫ్ట్‌వేర్, కాకపోతే కొనుక్కోవాల్సిందే. ఇంకొన్ని వెబ్‌సైట్లు. డబ్బడగవు గానీ మీ ఫైలు వాళ్ల కంప్యూటర్‌కి ఎక్కించమంటాయి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరైతే మీ కంప్యూటర్లోనే ఉంటుంది. అందులో ఏం రాసుందో తెలిసినవాళ్లు ఎవరైనా తెరిచి చూడొచ్చు. గడువులూ ఉండవు. ఇంటి కాగితాల దాకా వస్తే నా ఓటు దానికే.

మామూలు కాగితాలకి రెండు చాలు

పేర్లు వెతికితే పాతిక దొరుకుతాయి. అన్నీ అక్కర్లేదు. నన్నడిగితే సాధారణ కుటుంబానికి రెండు చాలు. ఒకటి లిబ్రె ఆఫీస్, రెండోది విన్‌మెర్జ్.

వర్డ్ ఫైలుగా వచ్చిన ఒప్పందాలూ, దరఖాస్తులూ, పిల్లల ప్రాజెక్టు రిపోర్టులూ అయితే లిబ్రె ఆఫీస్ పట్టుకోండి. 2010లో ఓపెన్ ఆఫీస్ నుంచి విడిపోయి వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ వర్డ్ ఫైళ్లనీ తెరుస్తుంది. ముందు కొత్త ఫైలు తెరవండి. ఎడిట్ మెనూలో ట్రాక్ ఛేంజెస్, అందులో కంపేర్ డాక్యుమెంట్ నొక్కండి. ఏ ఫైలుతో పోల్చాలని అడుగుతుంది. అప్పుడు పాతది చూపించండి. ఈ వరస తిరగబడితే పోయినవి వచ్చినట్టూ, వచ్చినవి పోయినట్టూ కనిపిస్తాయి, జాగ్రత్త! మార్పులన్నీ ఓ జాబితాగా పక్కన వస్తాయి. ఒక్కొక్కటీ చూసుకుంటూ, ఒప్పుకున్నవి ఉంచి, కాదన్నవి తీసేయొచ్చు. ఓ లోపం మాత్రం ఉంది. ఒక పేరాని పైనుంచి కిందికి జరిపితే అది జరిగిందని చెప్పకపోవచ్చు. ఇక్కడ పోయిందీ, అక్కడ వచ్చిందీ అనొచ్చు.

డబ్బు పెట్టి కొన్న వర్డ్ ఇప్పటికే ఇంట్లో ఉంటే ఇంకోటి వెతుక్కోనక్కర్లేదు. రివ్యూ మెనూలో కంపేర్ ఉంది. బాగా పనిచేస్తుంది. గూగుల్ డాక్స్‌లో కూడా 2019 నుంచి టూల్స్ మెనూలో ఈ సదుపాయం ఉంది. మీ కాగితాలు ముందు నుంచీ గూగుల్ డ్రైవ్‌లోనే ఉంటున్నాయంటే దాన్నే వాడుకోవచ్చు. అది ఉచితం. స్వేచ్ఛ కోవలోకి మాత్రం రాదు.

విన్‌మెర్జ్ సంగతి వేరు. ఇది విండోస్‌కి మాత్రమే. తెర రెండుగా చీలి ఎడమవైపు ఒక ఫైలు, కుడివైపు ఒకటి కనిపిస్తాయి. తేడా ఉన్న వరసలు పసుపు రంగులో మెరుస్తాయి. ఆ వరసలో మారిన మాట మరింత స్పష్టంగా తెలుస్తుంది. ఆల్ట్ కీ పట్టుకుని కిందిబాణం నొక్కితే తర్వాతి తేడా దగ్గరికి తీసుకెళుతుంది. ఫైలు వర్డ్‌లో ఉన్నా ఫర్వాలేదు, ఓ చిట్కా ఉంది. విన్‌మెర్జ్‌లో కొత్త పేజీ తెరిస్తే రెండు ఖాళీ గళ్లు వస్తాయి. పాత ఒప్పందంలోని మొత్తం మేటరు కాపీ చేసి ఒక గడిలో, కొత్తది రెండో గడిలో అతికించి ఎఫ్5 నొక్కండి. అక్షరాల సైజూ, బోల్డూ, మార్జిన్లూ అన్నీ పోయి మాటలు మాత్రమే మిగులుతాయి. ఒప్పందంలో మనకి కావాల్సింది కూడా అవేగా! పేరా పొడవుగా ఉండి తెర దాటిపోతుంటే వ్యూ మెనూలో వరసలు మడిచే ఏర్పాటు ఉంది.

అపార్ట్‌మెంట్ సంఘం లెక్కల్లాంటి ఎక్సెల్ షీట్లు పోల్చడానికీ ఇదే పనికొస్తుంది. షీటుని సీఎస్‌వీగా సేవ్ చేసి ఇస్తే గళ్లు గళ్లుగానే చూపిస్తుంది. పోయిన నెల లెక్కలో 4,500 ఉన్న చోట ఈ నెల పాత బాకీ కింద 5,400 ఎందుకైందో అడగొచ్చు.

లినక్స్ వాడేవాళ్లకి మెల్డ్ ఉంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మూడు ఫైళ్లని ఒకేసారి పోల్చాలంటే అదీ, కేడిఫ్3 రెండూ బాగుంటాయి. మాకింతోష్‌లో టెర్మినల్ తెరిస్తే అసలు డిఫ్ సిద్ధంగా ఉంటుంది. విండోస్ నల్లతెరలోనూ ఎఫ్‌సీ అనే ఆదేశం డాస్ కాలం నుంచీ ఉంది. కాకపోతే తెలుగు అక్షరాలు అక్కడ సరిగా కనిపించవు కాబట్టి మనకి పెద్దగా అక్కరకు రాదు.

తెలుగుతో తంటా

ఇంగ్లిషు కాగితాల దాకా అంతా సాఫీగానే సాగుతుంది. తెలుగు దగ్గరికొచ్చేసరికి కొన్ని చిత్రాలు జరుగుతాయి. రెండు వైపులా ఒకే మాట ఉంటుంది. ఎంత చూసినా తేడా కనిపించదు. సాఫ్ట్‌వేర్ మాత్రం రంగు వేసి కూర్చుంటుంది. పాడైందేమో అనుకుని తీసేయకండి. అది చూసేది అక్షరం ఆకారాన్ని కాదు, దాని వెనకున్న సంఖ్యని.

యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ ఓ సంఖ్య ఉంటుంది. తెలుగులో సున్నా రెండు రకాలు. 'పండు'లో ఉన్నది పూర్ణానుస్వారం. తెలుగు అంకెల్లో సున్నా వేరు. తెరమీద రెండూ గుండ్రంగానే ఉంటాయి. టైపు చేసేవారు ఒకదాని బదులు ఇంకోటి కొట్టేస్తారు. కొందరైతే ఇంగ్లిషు 'ఓ' కూడా పెట్టేస్తారు! చదివేవారికి తేడా తెలియదు. కంప్యూటర్‌కి మాత్రం అవి మూడు వేర్వేరు అక్షరాలు. ఇంకోటి, పొల్లు తర్వాత వచ్చే కనిపించని అక్షరం. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు 'వ' వత్తుగా మారిపోకుండా మధ్యలో దాన్ని పెడతారు. అక్కడ అవసరమే. కానీ కొన్ని కీబోర్డులు 'రామ్' లాంటి మాటల చివర కూడా దాన్ని వదిలేస్తాయి. చూడ్డానికి ఏమీ ఉండదు. పోలికలో మాత్రం తేడాగా తేలుతుంది. ఐత్వాన్నయితే యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు.

వీటికి తోడు మన రాతలోని అలవాట్లు. ఒకరు 'పెళ్లి' అంటే ఇంకొకరు 'పెళ్ళి' అంటారు. 'చేశాడు' అని మీరు రాస్తే 'చేసాడు' అని టైపిస్టు కొడతారు. ఇవన్నీ తేడాలుగా వస్తాయి. పది పేజీల కాగితంలో యాభై తేడాలు వచ్చాయని కంగారు పడకండి. నలభై ఇలాంటివే కావచ్చు. అలాగని అన్నీ ఒకేసారి 'సరే' అనేయకండి. మీకు కావాల్సిన 'మూడు నెలలు' ఆ యాభైలోనే దాక్కుని ఉంటుంది. ఖాళీలూ, వరసల చివర్లూ మాత్రం లెక్కలోకి తీసుకోవద్దని విన్‌మెర్జ్ సెట్టింగుల్లో చెప్పొచ్చు. సగం రంగు దాంతోనే పోతుంది.

అసలు చిక్కు అను ఫాంట్లతో. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి వాటితోనే పని జరిగింది. ఇప్పటికీ చాలాచోట్ల జరుగుతోంది. అందులో తెలుగు అక్షరం వెనక ఉండేది ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల సంఖ్య. ఫాంటు తీసేస్తే పిచ్చి గీతలు కనిపించేది అందుకే. పాత ముసాయిదా అనులో, కొత్తది యూనికోడ్‌లో ఉంటే ఏ సాఫ్ట్‌వేరూ పోల్చలేదు. మొదటి అక్షరం నుంచి చివరిదాకా తేడాయే! ముందు అనులో ఉన్నదాన్ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. రెండూ అనులోనే ఉంటే నిశ్చింతగా పోల్చొచ్చు. విన్‌మెర్జ్ ఫాంటుగా ఆ అను ఫాంటునే ఎంచుకుంటే సరి.

ఫొటోల గుట్ట

కాగితాలొక ఎత్తు. ఇంట్లో ఫొటోలు ఒక ఎత్తు. పెళ్లి ఫొటోలు పాత కంప్యూటర్లో ఓసారి, హార్డ్‌డిస్క్‌లో ఓసారి, 'కొత్త ఫోల్డర్ 3'లో ఇంకోసారి ఉంటాయి. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

రెండు ఫైళ్లు అచ్చుగుద్దినట్టు ఒకటేనా కాదా అన్నది తేల్చడానికి 'హాష్' అనే లెక్క ఉంది. ఫైలు ఎంత పెద్దదైనా దాని నుంచి ఓ గుర్తు తీస్తుంది. ఎస్‌హెచ్‌ఏ-256 అనే రకంలో అది 64 అక్షరాల పొడవుంటుంది. ఫైల్లో ఒక్క చుక్క మారినా గుర్తు మొత్తం మారిపోతుంది. ఫైళ్లు కుదించడానికి వాడే సెవెన్-జిప్ మీ కంప్యూటర్లో ఉంటే ఫైలు మీద రైట్‌క్లిక్ చేసి ఈ గుర్తు చూసుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిన వీడియో పాడవకుండా చేరిందా అన్నది దీంతో నిమిషంలో తెలుస్తుంది. ఒకటేనా కాదా అన్నదే చెబుతుంది. ఎక్కడ తేడా అన్నది చెప్పదు. వర్డ్ ఫైలైతే తెరిచి, ఏమీ మార్చకుండా మళ్లీ సేవ్ చేసినా గుర్తు మారిపోవచ్చు. కాబట్టి ఒప్పందాలకి ఇది వాడకండి.

వేల ఫొటోల్లో జంటలు వెతకడానికి డూప్‌గురు అనీ, చ్కాఫ్కా అనీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లున్నాయి. (రెండోది పోలిష్ మాట. ఎక్కిళ్లు అని అర్థం. ఎందుకు పెట్టారో గానీ, పలికితే నిజంగానే ఎక్కిళ్లొస్తాయి!) ఇక్కడ వాట్సాప్ ఓ మెలిక పెడుతుంది. అందులో పంపిన ఫొటోని అది మామూలుగా కుదించేస్తుంది. అంటే కెమెరాలో ఉన్నదీ, బాబాయికి పంపితే ఆయన తిరిగి పంపిందీ చూడ్డానికి ఒకటే అయినా ఫైళ్లుగా వేరు. హాష్ వాటిని కలపలేదు. ఈ రెండు సాఫ్ట్‌వేర్లలోనూ పోలిన ఫొటోలు వెతికే ఏర్పాటు వేరుగా ఉంది. దాన్ని ఎంచుకోండి. జంట దొరికాక సైజు ఎక్కువున్నది ఉంచుకోవడం మంచిది. తీసేసేవి కూడా ముందు రీసైకిల్ బిన్‌లోకి పంపండి. ఓ వారం ఆగి అప్పుడు ఖాళీ చేయొచ్చు.

మొత్తం ఫోల్డర్‌కి ఫోల్డర్‌నే పోల్చాలంటే విన్‌మెర్జ్ ఉంది, ఫ్రీఫైల్‌సింక్ ఉంది. రెండోది హార్డ్‌డిస్క్‌లో దాచుకునేవాళ్లకి చక్కని తోడు. పోల్చడం దాకా ఏ ప్రమాదమూ లేదు. ఆ తర్వాత 'మిర్రర్' అన్న పద్ధతి ఎంచుకుని సింక్రొనైజ్ నొక్కితే మాత్రం కుడివైపు ఫోల్డర్‌ని ఎడమవైపు దానికి అద్దంలా మార్చేస్తుంది. ఎడమవైపు లేనివి కుడివైపు ఉంటే తీసేస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లోని ఖాళీ ఫోల్డర్ ఎడమవైపు, ఇరవై ఏళ్ల ఫొటోలున్న హార్డ్‌డిస్క్ కుడివైపు పెట్టి ఆ మీట నొక్కితే ఏమవుతుందో ఊహించుకోండి!

ఏఐని అడిగితే సరిపోదా?

ఇప్పుడు చాలామంది వేసే ప్రశ్న ఇది. రెండు ఫైళ్లూ చాట్‌బాట్‌కి ఇచ్చి 'తేడాలు చెప్పు' అంటే చెబుతుంది కూడా. కాకపోతే అది మనిషిలాగే చదివి చెబుతుంది. పొడవాటి కాగితంలో ఒకటో రెండో దాటేయొచ్చు. లేని తేడా ఉందనీ అనొచ్చు. డిఫ్ లాంటిది లెక్క చేస్తుంది. ఇవాళ చేసినా రేపు చేసినా జవాబు ఒక్కటే. రెండింటినీ వాటి వాటి పనికి వాడుకోవచ్చు. తేడా ఎక్కడుందో విన్‌మెర్జ్‌తో పట్టుకుని, అక్కడ దొరికిన ఇంగ్లిషు క్లాజు అర్థం కాకపోతే ఆ రెండు వాక్యాలు మాత్రం చాట్‌బాట్‌ని అడగండి. పెద్ద మొత్తాల వ్యవహారమైతే లాయర్‌ని అడగండి.

మొత్తం దస్తావేజుని ఏ వెబ్‌సైటుకీ, చాట్‌బాట్‌కీ ఎక్కించకుండా ఉండటమే మేలు. అందులో మీ ఆధార్, పాన్ నంబర్లూ, చిరునామా, వాటితోపాటు అవతలివారివి కూడా ఉంటాయి. సాఫ్ట్‌వేర్ దించుకునేటప్పుడు కూడా దాన్ని తయారుచేసినవాళ్ల సొంత సైటు నుంచే తీసుకోండి. వేరే సైట్లలో 'డౌన్‌లోడ్' అని పచ్చగా మెరిసే బొత్తాలు ప్రకటనలు కావచ్చు.

పీడీఎఫ్‌గా వస్తే...

చివరి కాగితం సాధారణంగా పీడీఎఫ్‌గానే వస్తుంది. ఇంగ్లిషుదైతే అందులోని మేటరు మొత్తం కాపీ చేసి విన్‌మెర్జ్ గడిలో అతికించొచ్చు. తెలుగు పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే గుణింతాలూ వత్తులూ తరచూ చెదిరిపోతాయి. అందుకని 'వర్డ్ ఫైలు కూడా పంపండి' అని అడగడంలో మొహమాటపడొద్దు. పేజీకి పేజీని బొమ్మలుగా ఒకదాని మీద ఒకటి పెట్టి, కలవని చోట రంగు చూపించే డిఫ్-పీడీఎఫ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉంది. కానీ అది ఆదేశాలు టైపు చేసి నడపాల్సింది. ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లకి అప్పగించండి.

స్కాన్ చేసి పంపితే కథ మళ్లీ మొదటికొస్తుంది. అది ఫొటోయే తప్ప అక్షరాలు కాదు. టెసరాక్ట్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఫొటోలోని తెలుగుని కూడా చదివి అక్షరాలుగా మారుస్తుంది. అయితే అది చదవడంలో చేసే తప్పులూ, కాగితంలో జరిగిన మార్పులూ కలగలిసిపోతాయి. స్కానింగ్‌లో కాగితం కాస్త వంకరగా పడిందంటే బొమ్మలుగా పోల్చినా లాభం లేదు. పేజీ అంతా తేడాయే అంటుంది.

అలాంటప్పుడు పాతకాలపు ప్రెస్సుల పద్ధతే దిక్కు. అచ్చుకి వెళ్లేముందు ఒకరు అసలు ప్రతి పట్టుకుని పైకి చదివేవారు. రెండోవారు ప్రూఫు మీద వేలు పెట్టి వెంట వెళ్లేవారు. ఇంట్లో ఇద్దరు కూర్చుంటే ఎనిమిది పేజీలకి గంట పట్టదు. చదివేవారు కొత్త కాగితం కాకుండా పాతది చదవాలి. కామాలు, పేరాలు కూడా పలకాలి. అంకెల దగ్గర 'రెండువందల డెబ్భై ఆరు' అనకుండా 'రెండు, ఏడు, ఆరు' అని విడివిడిగా చెప్పాలి. సర్వే నంబర్లు, గజాలు, తేదీలు, ఖాతా నంబర్లు అయితే రెండోసారి వెనక నుంచి ముందుకి... 'ఆరు, ఏడు, రెండు'.